మెదడు తెరిచారు, నోరు మూయొద్దన్నారు

నేను అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాలిటీ చెబుతాను. గవర్నమెంటు ఉద్యోగం కోసం ఊరు వదిలి వచ్చి, హాస్టల్ గదిలో నలుగురి మధ్య పరుపు పరుచుకుని, గ్రూప్ టూ రాసి రాసి, చివరికి నాకు రాని ఉద్యోగాన్ని మిగతావాళ్లు ఎలా తెచ్చుకోవాలో నేర్పే ఉద్యోగంలో కుదురుకున్నాను. మా వీధిలో ఇలాంటివాళ్లం చాలామందిమి ఉన్నాం. నాకున్న ఆస్తల్లా గొంతు. మైకు పాడైనా నా క్లాసు ఆగదు. కింద జిరాక్స్ షాపు ముందు నిలబడ్డవాళ్లకు కూడా ప్రాథమిక హక్కులు ఉచితంగా అందుతాయి.

ఆ గొంతు నన్ను మొదటిసారి మోసం చేసింది ఒక ఉదయం బ్యాచ్‌లో. "రాజ్యాంగం మూడో భాగంలో" అని మొదలుపెట్టబోయి, "పంచాంగం మూడో భాగంల ప్రాథమిక హక్కులున్నయి" అన్నాను. నేనన్నది నాకు వినిపించింది. దిద్దుకుందామని నోరు తెరిస్తే మళ్లీ పంచాంగమే వచ్చింది. హాలు నిండా ఉన్న పిల్లల్లో ఒక్కరూ తలెత్తలేదు. పంచాంగం అని శ్రద్ధగా రాసుకున్నారు. ముందు వరసలో ఒకమ్మాయి దాని కింద గీత కూడా గీసింది. పరీక్షలో ఏదైనా అడుగుతారని వాళ్ల భయం.

అలసట అనుకున్నాను. తర్వాతి వారం కుడిచేతి వేళ్లు వాటంతటవే వణికి మార్కర్ కింద పడింది. ఆ వెంటనే మాట పూర్తిగా ఆగిపోయింది. ఏం చెప్పాలో తెలుసు, వాక్యం కూడా తయారుగా ఉంది, కానీ నోటిదాకా రావడం లేదు. కాసేపు బోర్డు ముందు అలాగే నిలబడిపోయాను. నాకు కోపం వచ్చిందనుకుని వెనక బెంచీల్లో ఫోన్లన్నీ జేబుల్లోకి వెళ్లిపోయాయి. అంత క్రమశిక్షణ నేను అరిచినప్పుడు కూడా ఎన్నడూ చూడలేదు.

మేముండేది చిక్కడపల్లిలో, మా అత్తగారింట్లో. మా ఆయన ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాడు. తెనాలి వైపు నుంచి ఎప్పుడో తాతల కాలంలో వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మా అత్తమ్మ నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు టీచరుగా రిటైరైంది. రిటైరైంది అన్నది బడి వరకే. ఇంట్లో మాత్రం పెళ్లయిన రోజు నుంచీ నేనే ఆమె తరగతి. నేను దర్వాజ అంటే ఆమె తలుపు అనేది. నేను అంగి అంటే ఆమె చొక్కా అనేది. నేను అత్తమ్మా అని పిలిస్తే "అత్తయ్యా అనవే, వినసొంపుగా ఉంటుంది" అనేది. నేనూ మానలేదు, ఆమె కూడా మానలేదు. ఇద్దరం బాగానే ఉండేవాళ్లం.

నారాయణగూడలో మా ఫ్యామిలీ డాక్టరు నిద్ర గురించి, టెన్షన్ గురించి అడుగుతూ మందులు రాస్తున్నాడు. వేళ్ల సంగతి చెప్పగానే పెన్ను ఆపాడు. ఆ చీటీ చించేసి, ఇంకో కాగితం తీసి, తలకు ఎమ్మారై చేయించుకోమన్నాడు. చీటీ చించినప్పుడే మా ఆయన ముఖంలో రంగు మారింది.

ఎమ్మారై అంటే మన పక్కింట్లో బోరు వేస్తున్నప్పుడు మనల్ని ఆ గొట్టంలోనే పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఫిల్ములు పట్టుకుని నగరంలోనే ఉన్న ఒక పెద్ద బోధనాసుపత్రికి వెళ్లాం. అక్కడ వైద్యం, చదువు, పరిశోధన ఒకే కప్పు కింద నడుస్తాయి. కాబట్టి మన తలను ఒక్కరు చూసి ఊరుకోరు. ప్రొఫెసర్ చూస్తాడు, ఆయన వెనకాల పీజీలు చూస్తారు, వాళ్ల వెనక నిలబడ్డవాళ్లు మునివేళ్ల మీద లేచి చూస్తారు. నా పెళ్లిచూపులకు కూడా అంతమంది రాలేదు.

సర్జన్ అరవైకి దగ్గర పడ్డ సన్నటి మనిషి. మెదడు కోసే మనిషంటే గంభీరంగా ఉంటాడనుకున్నాను. ఆయన ఇరానీ హోటల్లో పక్క టేబుల్ మనిషిలా మాట్లాడాడు.

"చూడమ్మా, ఎడమ పక్క ముందు భాగంల ఉన్నది ఇది. మాట పుట్టే జాగకు ఆనుకొని కూసున్నది. చూస్తే నిదానంగ పెరిగే రకం లెక్కనే కొడుతున్నది. గ్రేడ్ టూ అయ్యుండొచ్చు. పక్కాగ అయితే ముక్క తీసి టెస్ట్ చేసినంకనే చెప్త."

"గ్రేడ్ టూనా సార్?"

"అనుకుంటున్న."

"జిందగీ మొత్తం కొట్లాడినా గ్రూప్ టూ రాలే సార్. ఇది అప్లై చెయ్యకుండనే వచ్చింది."

పీజీల్లో ఒకతను నవ్వి, ప్రొఫెసర్ వైపు చూసి ఆపుకున్నాడు. ప్రొఫెసర్ మాత్రం హాయిగా నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. బయట కారిడార్లో, "అక్కడ కూడా జోకులు అవసరమా?" అన్నాడు.

"ఇంకెక్కడ ఎయ్యాలె?"

మా ఆయన మంచినీళ్ల ఫిల్టర్ దగ్గరికెళ్లి గ్లాసు నింపాడు. తాగలేదు. గోడవైపు తిరిగి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నేనే వెళ్లి ఆ గ్లాసు తీసుకుని తాగాను. అతని వీపు మీద చెయ్యి వేస్తే అర్థమైంది, ఏడుస్తున్నాడు. అప్పుడు నాకూ జోకులు అయిపోయాయి.

తర్వాతిసారి వెళ్లినప్పుడు సర్జన్ అసలు సంగతి చెప్పాడు.

"మిమ్మల్ని మొత్తం పండుకోబెట్టి కోస్తే, గడ్డతోటి మాటను కూడ తీసేస్తున్ననో ఏమో నాకు తెల్వదు. పైకి చూస్తే రెండూ ఒక్క తీరుగనే ఉంటయి. అందుకే నడుమల మిమ్మల్ని లేపుతం. మీరు మాట్లాడుతనే ఉండాలె. మీ మాట ఆగిన కాడ నా చెయ్యి ఆగుతది."

"అంటే తల తెరిచినంక నోరు మూసుకోవద్దంటరు."

"అస్సలు మూయొద్దు."

"ఇప్పటిదాంక నన్ను గిట్ల అడిగినోళ్లు ఎవ్వరూ లేరు సార్. ఎప్పుడు రమ్మంటరు?"

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ కుర్చీలో కూలబడింది.

"తల తెరిచి ఉండగా మాట్లాడటమేమిటే? నొప్పి పుట్టదూ?"

"చర్మానికి సూదులిస్తరంట. మెదడుకు నొప్పి తెల్వదంట అత్తమ్మా."

"ఒళ్లంతటి నొప్పీ తెలుసుకునేది అదే కదే!"

"అందరి అర్జీలు తీసుకుంటది. దానిది తీసుకునేటోళ్లు లేరు. పెద్దాఫీసు కదా."

"నీకు భయంగా లేదూ?" అంది అత్తమ్మ. నేను టీవీ పెట్టాను.

ఆపరేషన్‌కు ముందు బొమ్మల పరీక్ష ఉంటుంది. బొమ్మ చూపిస్తారు, మనం "ఇది ఫలానా" అనాలి. ముందే సరిగ్గా చెప్పగలిగినవాటినే థియేటర్లోనూ చూపిస్తారు. అక్కడ కరెంటు తగిలించినప్పుడు పేరు తప్పిపోతే ఆ చోట మాటకు పని ఉందన్నట్టు లెక్క. ఈ పరీక్ష పెట్టే స్పీచ్ థెరపిస్టు రాజమండ్రి వైపు అమ్మాయి. దీనిమీదే పీహెచ్‌డీ కూడా చేస్తోంది. గుండ్రటి కళ్లద్దాలు, చాలా ఓపిక. ఆ ఓపికకు నేనే పరీక్ష పెట్టాను.

మొదటి బొమ్మ మంచుగడ్డలతో కట్టిన గుండ్రటి ఇల్లు. ఎక్కడో చలిదేశంలో తయారైన బొమ్మల కట్ట అది.

"ఇది... ఫ్రిజ్‌లో పెట్టిన సమాధి."

"అది తీసేద్దాం మేడం," అని పక్కన పెట్టింది. తర్వాత ఉల్లిపాయ.

"ఇది ఉల్లిగడ్డ."

ఆమె తన కాగితం చూసుకుంది. "ఉల్లిపాయ... అంటారా మేడం?"

"ఉల్లిగడ్డ అంటరు."

తర్వాత బంగాళదుంప. నేను ఆలుగడ్డ అన్నాను. గొడుగు వచ్చింది, ఛత్రి అన్నాను. వేరుశనక్కాయలు వచ్చాయి, పల్లీలన్నాను. చేతిరుమాలు వచ్చింది, దస్తీ అన్నాను. ఆమె పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"నీ కాయితం ప్రకారం నాకు ఇప్పటికే మాట పడిపోయినట్టున్నది గదా బిడ్డా," అన్నాను.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. తర్వాత నవ్వాపి వెళ్లి సర్జన్‌ను పిలుచుకొచ్చింది. ఆయన కాగితం చూసి, "ఈమె నోట్లకెళ్లి మొదలు ఏ మాట వస్తదో అదే కరెక్ట్. పుస్తకంది కొట్టెయ్," అన్నాడు. ఆపరేషన్ గదిలో నేను ఉల్లిగడ్డ అంటే అది నా ఊరా, నా జబ్బా అని తేల్చుకునే తీరిక ఎవరికీ ఉండదని నాకు వివరించాడు. కాబట్టి నాకోసం కొత్త బొమ్మలు కావాలి. ఆ పని మా ఆయన మీద పడింది. చిక్కడపల్లి మార్కెట్లో తిరిగి ఆనక్కాయ నుంచి అప్పడాల కర్ర దాకా ఫోన్లో ఫోటోలు తీశాడు. ఒక కూరగాయలామె, "కొనవా ఏంది అన్నా, షూటింగే చేస్తవా?" అని కసిరితే, ఫోటోకోసం వంచిన తల ఎత్తకుండానే ఒక కాలీఫ్లవర్ కొనుక్కొచ్చాడు.

ప్రాక్టీసు చేయించే పని అత్తమ్మ తీసుకుంది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చుకుని, ఫోన్లో ఒక్కో బొమ్మ చూపించేది.

"ఇది?"

"ఇది అంగి."

చొక్కా అన్న మాట అత్తమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది. "ఇది?"

"ఇది ఎల్లిగడ్డ."

"వెల్లు..." అని ఆగి, "మంచిది," అంది.

"మార్కులియ్యవా అత్తమ్మా?"

"నోర్ముయ్. కాదు, ముయ్యకు. మాట్లాడు. తర్వాతది చూడు."

చదువు మీద బతికే ఆసుపత్రి కాబట్టి ఆపరేషన్‌కు ముందురోజు ఇంకో కాగితం వచ్చింది. దాన్ని తెచ్చినతను ల్యాబ్‌లో పరిశోధన చేసే, గడ్డం పెంచిన మనిషి. ఏళ్లకేళ్లుగా థీసిస్ రాస్తున్నాడని వాలకం చూస్తేనే తెలిసిపోయింది. ఆ చూపు అశోక్‌నగర్‌లో నాకు బాగా అలవాటు.

"మేడం, మీ గడ్డల కొంచెం ముక్క రీసెర్చ్‌కు ఇస్తరా? మీరు ఇయ్యనన్నా ట్రీట్‌మెంట్‌ల ఏం ఫరక్ ఉండదు."

"కొంచెం ఎందుకు తమ్మీ? మొత్తం తీస్కపో."

దాంతో ఏం చేస్తారని అడిగాను. కొంత గడ్డకట్టించి దాస్తారట. కొంత గాజు పళ్లెంలో వేసి, పోషకాలు పోసి, కణాల్ని బతికించి, వాటి మీద మందులు పరీక్షిస్తారట. నా తలలో కూర్చుని అద్దె కట్టకుండా తిన్నది చాలక, దానికి ఇంకోచోట భోజన వసతి కూడా ఏర్పాటవుతోందన్నమాట. సంతకం పెట్టాను.

థియేటర్ సంగతి చెబుతాను. మొదట మత్తిచ్చారు, తర్వాత లేపారు. ఎవరో చాలా దూరం నుంచి, "మేడం, కండ్లు తెరువుండ్రి," అంటున్నారు. తెరిచాను. తల ఎటూ కదలదు, బిగించేశారు. ముఖం మీద నీలిగుడ్డ గుడారంలా ఉంది. ఆ గుడారంలోకి వంగి కూర్చుని రాజమండ్రి అమ్మాయి నవ్వుతోంది. గుడ్డకు అటువైపు ఉన్నది నేను చూడలేను. అటు ఉన్నది నేనే.

"ఎట్లున్నరమ్మా?" అని వెనక నుంచి సర్జన్ గొంతు.

"మీకే బాగ కనపడుతున్న గదా సార్."

ఎవరో నవ్వారు. పని మొదలైంది. ఇది దర్వాజ. ఇది తాళం. ఇది మేక. ఇది చెంచా. అవతల వాళ్లు మెదడు మీద ఒక్కో చోట సన్నటి కరెంటు తగిలిస్తున్నారని తెలుసు, కానీ ఏమీ తెలియడం లేదు. తర్వాత ఆ బొమ్మ వచ్చింది. గులాబీ రంగు పొరలు, కొసన ఎండిన వేర్లు. నాకు బాగా తెలుసు. దాని వాసన కూడా తెలుసు.

"ఇది... ఇది... కోస్తే ఏడిపిస్తది."

"పేరు చెప్పండి మేడం."

"ఇది... బిర్యానీ పక్కకు పెడ్తరు... నిమ్మకాయతోని..."

"ఆడ పెట్టు టికెట్," అన్నాడు సర్జన్ ఎవరితోనో. ఆ చోట అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెడతారట. ఆయన కరెంటు తియ్యగానే, "ఉల్లిగడ్డ!" అని అరిచాను. నా జీవితంలో ఉల్లిగడ్డను అంత ప్రేమగా ఎప్పుడూ పిలవలేదు.

తర్వాత ఒకచోట కుడివైపు పెదవి దానంతటది లాగడం మొదలుపెట్టింది. లాగుడు చెంపలోకి పాకింది. మాట లేదు. సర్జన్ గొంతులో ఇరానీ హోటల్ పోయింది. "చల్లనీళ్లు, జల్ది," అన్నాడు. ఫిట్స్ ఆగడానికి ఐసులో పెట్టిన సెలైన్ మెదడు మీద పోశారు. ఆ అమ్మాయి నా ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఆ క్షణంలో దేవుడూ గుర్తురాలేదు, పిల్లలు లేరు కాబట్టి పిల్లలూ గుర్తురాలేదు. ఇక నేను మాట్లాడనేమో, ఈ గుడారంలో ఈ అమ్మాయి ముఖం చూస్తూ నోరు లేకుండా ఉండిపోతానేమో అన్నదొక్కటే ఉంది. అంత భయం నాకు అంతకుముందు తెలియదు. కాసేపటికి పెదవి సర్దుకుంది.

"మేడం, నా మాట వినబడుతోందా? ఏదైనా చెప్పండి."

"రా... రాజ్యాంగం," అన్నాను.

గడ్డను తీసేటప్పుడు బొమ్మలు చాలవు, వాక్యాలు కావాలని ముందే చెప్పారు. అందుకని క్లాసు మొదలుపెట్టాను. అత్యవసర పరిస్థితి ఎన్ని రకాలు, రాష్ట్రపతి దేన్ని ఎప్పుడు ప్రకటిస్తాడు. తల మీద ఏదో యంత్రం చప్పరిస్తున్నట్టు చప్పుడు చేస్తోంది. నేను గొంతు పెంచాను. మత్తు డాక్టరుకు ఆసక్తి పుట్టి, "ఆర్థిక అత్యవసర పరిస్థితి ఎన్నిసార్లు పెట్టిండ్రు మేడం?" అని అడిగాడు.

"ఒక్కసారి గూడ పెట్టలే. ఇది ప్రిలిమ్స్‌ల పక్కా వస్తది, రాసుకో."

"చేతులు ఖాళీ లేవు మేడం."

రాష్ట్రపతి పాలన దగ్గర నా మాట తడబడింది. అనాలనుకున్నది ఒకటి, వస్తున్నది ఒకటి. గవర్నర్ అనబోతే గ్లాసు అంటున్నాను. ఆ అమ్మాయి తలెత్తి గుడ్డ మీదుగా చూసి ఏదో సైగ చేసింది. యంత్రం ఆగింది.

"బస్," అన్నాడు సర్జన్. "ఇంక ముందుకు పోతే మాట పోతది. ఆ కొంచెం ఆడనే ఉండనీ. అమ్మా, మంచిగ చెప్పిండ్రు. ఇగ పండుకోండ్రి."

సిలబస్ పూర్తి కాలేదని చెబుదామనుకున్నాను. నిద్ర వచ్చేసింది.

లేచేసరికి మాట లేదు. ఇలా అవుతుందని, వాపు తగ్గేకొద్దీ తిరిగి వస్తుందని చెప్పే ఉన్నారు. చెప్పినంత తేలిగ్గా ఉండదు. నీళ్లు కావాలని తెలుసు. నీళ్లు అన్న మాట మాత్రం ఎక్కడో తాళం వేసిన గదిలో ఉంది. చేత్తో చూపిస్తే మా ఆయన దిండు సర్దాడు. మళ్లీ చూపిస్తే ఫ్యాను తగ్గించాడు.

రెండో రోజు పొద్దున అత్తమ్మ పట్టుచీర కట్టుకుని, ఏదో గుడి నుంచి కుంకుమ తెచ్చి నా పక్కన నిలబడి ఉండగా, సర్జన్ తన పరివారంతో రౌండ్స్‌కు వచ్చాడు.

"ఎట్లున్నరమ్మా?"

బాగున్నాను సార్ అందామనుకున్నాను. నోరు తెరిచాను. "నీ యవ్వ!" అని వచ్చింది. స్పష్టంగా, గంటకొట్టినట్టు, మా ఊరి యాసలో.

అత్తమ్మ కుంకుమ పొట్లం వదిలేసింది. పీజీలు నేలచూపులు చూశారు. మా ఆయన చేతులు జోడించాడు. సర్జన్ ముఖం మాత్రం వెలిగిపోయింది. పీజీల వైపు తిరిగి, "విన్నరా? తిట్లు, మొక్కులు, లెక్కబెట్టుడు, ఇవన్నీ అలవాటుగ వచ్చే మాటలు. వేరే తొవ్వల వస్తయి. మంచి గుర్తు ఇది," అని చిన్న పాఠం చెప్పాడు. నా వైపు తిరిగి, "ఇంకోటి ఏమన్నొస్తదా అమ్మా?" అన్నాడు. ఇంకోటి కూడా వచ్చింది. అది ఇక్కడ రాయను. ఒక పీజీ దాన్ని నోట్ చేసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక అత్తమ్మ నా మంచం మీద కూర్చుంది. తెలుగు టీచరు జీవితంలో అలాంటి మాటలు విని ఊరుకున్న సందర్భం అదే మొదటిది అయ్యుంటుంది. కింద పడ్డ కుంకుమ వేలితో తీసి నా నుదుటన కట్టు కింద పెట్టి, "తిట్టవే తల్లీ. నీకు ఎంత తిట్టాలని ఉంటే అంత తిట్టు," అంది. అని తనే ఏడ్చింది.

ఇంటికొచ్చాక వారాల తరబడి థెరపీ. ఆ రాజమండ్రి అమ్మాయి పెట్టిన నియమం ఒక్కటే: నేను మాట కోసం వెతుకుతుంటే ఎవరూ అందించకూడదు. అత్తమ్మకు ఇది ఉరిశిక్ష. జీవితమంతా అందించి బతికిన మనిషి. నేను ఉప్మా ముందు కూర్చుని, చేత్తో తోడుకునే ఆకారం చూపిస్తూ, "అది... తినేది... స్టీలుది..." అంటుంటే, ఆమె పెదవులు రెండూ లోపలికి మడుచుకుని, చీరకొంగు గుప్పిట్లో నలిపేది. ఇక తట్టుకోలేనప్పుడు వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా కడిగేది. ఒక మధ్యాహ్నం నేను "చెంచా" అని అరిచేసరికి లోపల గిన్నె పడ్డ చప్పుడైంది. తడిచేతులతో వచ్చి, చెంచా ఇచ్చి, "ఉప్మా ఎప్పుడో చల్లారిపోయింది. మళ్లీ వేడి చేస్తానుండు," అంది.

"నేను... చేత్తోనే... తినేదాన్ని," అన్నాను.

"మరి ఇంతసేపు ఎందుకే వెతికావు?"



పరీక్షల రిపోర్టు వచ్చింది. గ్రేడ్ టూనే. సర్జనూ, రేడియేషన్ డాక్టర్లూ, గడ్డను పరీక్షించినవాళ్లూ ఒక గదిలో కూర్చుని నా గురించి చర్చించారు. నన్ను పిలవలేదు. పిలిస్తే నేను మాట్లాడతానని భయపడి ఉంటారు. ప్రస్తుతానికి మందులు, రేడియేషన్ వద్దు, కొన్ని నెలలకొకసారి స్కాన్ తీసి చూద్దాం, మిగిలిన ముక్క కదిలితే అప్పుడు ఆలోచిద్దాం అని తేల్చారు. ఇది పోదు అని సర్జన్ దాచకుండా చెప్పాడు. చాలా ఏళ్లు నెమ్మదిగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మా ఆయన ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, నాతో పాటు చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఏమీ మాట్లాడకుండా నడిచి, మళ్లీ వెనక్కి నడిచాడు. మాట రానిది నాకైతే అతనెందుకు మౌనంగా ఉన్నాడో అని నవ్వొచ్చింది. చెబితే అతనూ నవ్వాడు.

సగం జుట్టు మొలిచాక క్లాసుకు వెళ్లాను. ఇప్పుడు నేను నెమ్మదిగా చెబుతాను. మధ్యలో ఆగుతాను, ఎందుకంటే మాట ఎదురుగా ఉండి కూడా చేతికి దొరకదు. పిల్లలు దాన్ని కొత్త పద్ధతి అనుకున్నారు. "ఇప్పుడు రాసుకునేతందుకు టైమ్ దొరుకుతుంది మేడం," అని ఒకామె మెచ్చుకుంది. ఇన్నేళ్లూ నేను ఎంత వేగంగా అరిచానో పాపం ఎవరూ చెప్పలేదు. ఇంకొకతను వెనక నుంచి చెయ్యెత్తి, "మేడం, నిజంగనే తల ఓపెన్ చేసినంక క్లాస్ చెప్పిండ్రా?" అన్నాడు.

"చెప్పిన."

"వాళ్లు విన్నరా?"

"మీకన్న మంచిగ విన్నరు. ఒక్కడూ... బయటికి పోలే."

ఈమధ్య స్కాన్‌కు వెళ్లాను. మిగిలిన ముక్క కదల్లేదన్నారు. లిఫ్టు దగ్గర ఆ గడ్డం పరిశోధకుడు కనిపించాడు. నన్ను గుర్తుపట్టి పక్కకు తప్పుకోబోయాడు. నేనే పిలిచాను.

"తమ్మీ, నా ముక్క ఎట్లున్నది?"

వద్దనలేక ల్యాబ్‌కు తీసుకెళ్లాడు. చిన్న గది, గోడవారన బీరువాలంత ఫ్రీజర్లు. వాటిలో ఒకదాని ముందు నిలబడ్డాం. దాచిన ముక్క భద్రంగా ఉందన్నాడు. కానీ పళ్లెంలో వేసినవి... అని ఆగి మెడ రుద్దుకున్నాడు.

"పెరగలే మేడం. చాన ట్రై చేసినం. ఈ రకం సెల్స్ బయట బతుకుడు కష్టం. నా థీసిస్‌ల మీది ఒకటి గట్టిగ ఉంటదనుకున్న. సారీ."

నా తలలో ఇంత గోల చేసి, బయటకు తీసి పోషకాలు పోసి కూర్చోబెడితే ఫెయిలయిందట. అది చావాలని నేనెన్ని తిట్టుకున్నానో లెక్కలేదు. అయినా ఆ అబ్బాయి ముఖం చూస్తే బాధేసింది. ఇలాంటి ముఖాలు నాకు రోజూ కనిపిస్తాయి. రిజల్ట్ వచ్చిన రోజు మెట్ల మీద కూర్చున్నవాళ్లతో ఏం మాట్లాడాలో నాకు కంఠతా వచ్చు. ఆ మాటకు వెతుక్కోనక్కర్లేదు. భుజం మీద చెయ్యి వేసి అనేశాను.

"ఫికర్ జెయ్యకు తమ్మీ. మళ్ల నోటిఫికేషన్ పడ్తది."

అన్నాక ఏమన్నానో ఇద్దరికీ అర్థమైంది: ఆ నోటిఫికేషన్ పడాల్సింది మళ్లీ నా తలలోనే. ఫ్రీజర్ గుర్రుగుర్రుమంటోంది.

"వద్దులే మేడం," అన్నాడతను. "నేను వేరే టాపిక్ చూసుకుంట."